ప్రాణమే షరతుగా పెట్టిన ప్రేమకథ: కొరియన్ డ్రామా 'గాబ్లిన్'

కొరియన్ డ్రామాలు కొత్తగా చూడటం మొదలుపెట్టినవారు ఫాంటసీ ప్రేమకథల్లో ముందుగా దేన్ని చూడాలని అడిగితే నేను 'గాబ్లిన్' పేరే చెబుతాను. దక్షిణ కొరియాలోని టీవీఎన్ అనే కేబుల్ చానల్‌లో 2016 డిసెంబర్ 2న మొదలై 2017 జనవరి 21న ముగిసిన 16 ఎపిసోడ్ల డ్రామా ఇది. 'గార్డియన్: ది లోన్లీ అండ్ గ్రేట్ గాడ్' అనేది దీని పూర్తి ఇంగ్లిష్ పేరు. రచయిత్రి కిమ్ ఉన్-సుక్, దర్శకుడు లీ ఉంగ్-బొక్ 2016లోనే 'డిసెండెంట్స్ ఆఫ్ ది సన్' అనే డ్రామాతో ఆసియా అంతటా పేరు తెచ్చుకుని, ఆ వెంటనే దీన్ని చేపట్టారు. 2017లో ఇచ్చిన బెక్‌సాంగ్ కళా పురస్కారాల్లో టీవీ విభాగంలోని అత్యున్నత బహుమతి రచయిత్రికే దక్కింది. ఉత్తమ నటుడి బహుమతి కథానాయకుడు గోంగ్ యూకి వచ్చింది. పెద్ద బహుమతి కథ రాసినవారికి వెళ్లడం నాకు న్యాయంగా తోచింది, ఎందుకంటే దీనిలో కంటికి ఇంపైనవి ఎన్ని ఉన్నా బలమంతా రాతలోనే ఉంది. ఆ బలం ఎక్కడుందో చెప్పాలంటే కథను చివరిదాకా ప్రస్తావించక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివారు ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని చదవాలి.

కథ మధ్యయుగాల్లో కొరియాను ఏలిన గొర్యో రాజుల కాలంలో మొదలవుతుంది. యుద్ధాల్లో ఓటమి ఎరుగని సేనాపతి కిమ్ షిన్‌ను ప్రజలు దేవుడిలా కొలుస్తుంటే, పక్కనుండి నూరిపోసేవాడి మాటలు విని అసూయతో రగిలిన కుర్ర రాజు అతన్ని రాజద్రోహిగా ముద్ర వేసి చంపిస్తాడు. అతని ఛాతీలో దిగిన కత్తి అతనిదే. బక్‌వీట్ అనే ఒక రకం ధాన్యం పండే పొలంలో దిక్కులేకుండా పడిపోయిన ఆ శవాన్ని దేవుడు గాబ్లిన్‌గా, అంటే కొరియా జానపద కథల్లోని మాయాశక్తిగల భూతంగా, మళ్లీ లేపుతాడు. అయితే అది వరమూ శాపమూ కూడా. ఆ కత్తికి అంటిన వేలమంది నెత్తురు కూడా దేవుడి బిడ్డలదే కాబట్టి, తనవాళ్లందరూ ఒక్కొక్కరుగా చనిపోతుంటే చూస్తూ, వాళ్లలో ఎవరినీ మరచిపోకుండా, అతను చావు లేకుండా బతకాలి. ఛాతీలోని కత్తి అలాగే ఉంటుంది. దాన్ని చూడగలిగేది, పైకి లాగగలిగేది ఒక్కరే, గాబ్లిన్ వధువు. ఆమె కత్తి లాగిన నాడు అతనికి విముక్తి, అంటే చావు.

939 ఏళ్ల తరువాత, నేటి సియోల్‌లో, జీ ఉన్-తక్ అనే హైస్కూలు అమ్మాయి అతనికి ఎదురవుతుంది. ఆమె పుట్టుకకే కిమ్ షిన్ కారణం. ఒక మంచు రాత్రి కారు గుద్దేసి వెళ్లిపోగా రోడ్డు మీద ప్రాణాలు వదులుతున్న గర్భిణి వేడుకోలు విని, మనుషుల చావుబతుకుల్లో జోక్యం చేసుకోకూడదన్న నియమాన్ని పక్కన పెట్టి ఆ తల్లినీ కడుపులోని బిడ్డనూ కాపాడతాడు. చావవలసిన ప్రాణం పుట్టింది కాబట్టి ఆ పిల్లకు దయ్యాలు కనబడతాయి, మరణదూత ఆమెను వెతుకుతూ తిరుగుతాడు. ఆమె నిప్పు వెలిగించి నోటితో ఊది ఆర్పితే చాలు, గాబ్లిన్ ఎక్కడున్నా ఆమె ముందు ప్రత్యక్షం కావలసిందే. కొవ్వొత్తి అయినా, అగ్గిపుల్ల అయినా ఒకటే.

ఇంతవరకు వింటే మంత్రాలు, మాయలు, అందమైన హీరో ఉన్న మామూలు ఫాంటసీ అనిపించవచ్చు. ఈ డ్రామాను మిగతావాటి నుంచి వేరు చేసేది దీనిలో మాయకు పెట్టిన షరతులు. ఇక్కడ ఏ శక్తీ ఉచితంగా రాదు. కత్తి లాగితే అతను చస్తాడన్నది మొదటి షరతు. అది తెలియని అమ్మాయి, కత్తి తీస్తే అతను ఇంకా అందంగా మారతాడేమో అన్నంత తేలిగ్గా ఆ పని గురించి మాట్లాడుతుంది. అతనికేమో తొమ్మిది వందల ఏళ్లుగా కోరుకున్న చావు చేతికందేసరికి, ఆమెను చూశాక బతకాలన్న ఆశ పుడుతుంది. తొలి మంచు కురిసిన రోజున ఆమె కత్తి పిడి పట్టుకోబోతే మొదట చేతికి అందదు. ప్రేమ కుదిరాక పట్టు దొరుకుతుంది, కత్తి కదులుతుంది. ఆ బాధకు తట్టుకోలేక అతను ఆమెను అసంకల్పితంగా తోసేసి, గాలిలో ఎగిరిపడుతున్న ఆమె వెనక్కి తానే పరుగెత్తి పట్టుకుంటాడు. ఆ ఒక్క ఘట్టంలో ఇద్దరి మధ్య ఉన్నదేమిటో తెలుస్తుంది. ప్రేమ నిజమైతేనే కత్తి కదులుతుంది, కత్తి కదిలితే ప్రేమించినవాడు పోతాడు.

రచయిత్రి అంతటితో ఆగలేదు. కథ సగానికి వచ్చేసరికి రెండో షరతు బయటపడుతుంది. కత్తి లాగడానికే పుట్టిన వధువు ఆ పని చేయకుండా ఉంటే, చావు ఆమెను పదే పదే వెతుక్కుంటూ వస్తుంది, ప్రతిసారీ ముందుకన్నా బలంగా వస్తుంది. అంటే అతను బతికితే ఆమె ఉండదు, ఆమె బతకాలంటే అతను పోవాలి. సాధారణంగా ప్రేమకథల్లో అడ్డంకులు బయటి నుంచి వస్తాయి. తల్లిదండ్రులు ఒప్పుకోరు, అంతస్తులు కలవవు, అపార్థాలు వస్తాయి, వాటిలో ఒకటి తొలగేసరికి మరొకటి పుట్టించవలసి వస్తుంది. ఇక్కడ అడ్డంకి ప్రేమలోనే ఉంది, ప్రేమ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అందుకే ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర పోట్లాడుకునే తేలికపాటి సన్నివేశంలో కూడా చూసేవారికి లోపల ఎక్కడో గుబులుగానే ఉంటుంది. నవ్వించే ఘట్టాలకు, ఏడిపించే ఘట్టాలకు మధ్య అతుకు కనబడకపోవడానికి కారణం ఈ కట్టడమే.

ఈ కథకు ఆధారమైన నమ్మకాలు కొరియా జానపదానివే. అక్కడి జానపద కథల్లో దొక్కేబి అనే గాబ్లిన్, మనుషులు వాడి పారేసిన వస్తువుల్లోంచి, ముఖ్యంగా నెత్తురంటిన పాత చీపుర్ల వంటి వాటిలోంచి పుట్టే అల్లరి శక్తి. దానికి కుస్తీ పట్టడమంటే సరదా, బక్‌వీట్ పిండితో చేసే వంటకమంటే ఇష్టం, మెచ్చినవారికి సంపద ఇస్తుంది. రచయిత్రి ఆ చీపురు స్థానంలో వేలమంది నెత్తురు తాగిన కత్తిని పెట్టారు, ఇష్టమైన తిండిని అతను చనిపోయిన బక్‌వీట్ పొలంగా మార్చారు. ఉన్-తక్‌కు అతను మొదట ఇచ్చే పూలు కూడా బక్‌వీట్ పూలే. పిల్లల పుట్టుకను చూసుకునే సమ్‌షిన్ అవ్వ ఒకసారి రోడ్డు పక్కన కూరలమ్మే ముసలమ్మగా, మరోసారి ఎర్రటి సూటు వేసుకున్న యువతిగా కనిపిస్తుంది. రెండు రూపాలనూ లీ ఎల్ అనే ఒకే నటి పోషించింది. నల్ల దుస్తుల్లో వచ్చి ప్రాణాలు తీసుకెళ్లే మరణదూత కొరియన్లకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడే. అతని సంప్రదాయ టోపీని తీసి ఇక్కడ నేటికాలపు నల్ల హ్యాట్ పెట్టారు, అది పెట్టుకుంటే ఎవరికీ కనబడడు.

తెలుగువారికి ఈ కథ ఇంత త్వరగా పట్టుబడటానికి కారణం కూడా ఇక్కడే ఉందనుకుంటాను. యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా, ఆయువు మూడినవారి వంతు, పూర్వజన్మ రుణం అనేవి మనకు ఒకరు వివరించి చెప్పవలసినవి కావు. చనిపోవలసినవారి పేరు, సమయం రాసిన కార్డులు ముందుగానే మరణదూత చేతికి వస్తాయనగానే మనకు అర్థమైపోతుంది. అయితే మన పునర్జన్మ కథల్లో ఎక్కువగా గతజన్మ గుర్తుకు రావడంతో చిక్కు విడిపోతుంది, పగ తీరుతుంది లేదా జంట కలుస్తుంది. 'గాబ్లిన్'లో గుర్తుకు రావడంతోనే అసలు చిక్కు మొదలవుతుంది. మరచిపోవడం ఇక్కడ దేవుడి దయ, గుర్తుంచుకోవడం శిక్ష.

ఆ మాటకు రూపం మరణదూత టీ గది. గోడ నిండా కప్పులు అమర్చిన ఆ నిశ్శబ్దమైన గదికి చనిపోయినవారు వస్తారు. అతను టీ పోసి ఇస్తాడు, అది తాగితే ఈ జన్మ జ్ఞాపకాలన్నీ పోయి తేలికగా ముందుకు వెళ్లవచ్చు. చూపులేని ఒక మనిషి చనిపోయి అక్కడికి వస్తే, అంతకుముందే పోయిన అతని కుక్క, అన్నాళ్లూ దారి చూపినట్టే, అతని కోసం ముందుగా వచ్చి ఎదురుచూస్తూ ఉంటుంది. ఘోరమైన నేరం చేసి వచ్చినవాడికి మాత్రం టీ దొరకదు, చేసినదంతా గుర్తుపెట్టుకునే వెళ్లాలి. నరకాన్ని మంటలతో, నూనె బాణలితో చూపించకుండా ఒక కప్పు టీ ఇవ్వకపోవడంతో చూపించిన ఆ ఊహను నేను ఎంత మెచ్చుకున్నా చాలదు.

ఇలాంటి చిన్న ఘట్టాల్లో అన్నిటికన్నా నా మనసులో నిలిచింది ఒక గోషివోన్ గదిలో జరిగేది. గోషివోన్ అంటే పరీక్షలకు చదువుకునేవారు, డబ్బు లేనివారు అద్దెకుండే అగ్గిపెట్టె లాంటి గది. అలాంటి గదిలో చనిపోయిన ఒక యువతి దయ్యమై ఉన్-తక్ వెంటపడుతుంది. పగ తీర్చమనో, చంపినవాడిని పట్టుకోమనో ఆమె అడగదు. తన సామాన్లు తీసుకెళ్లడానికి అమ్మ వస్తుంది, ఖాళీ ఫ్రిజ్ చూస్తే అమ్మ మనసు కష్టపడుతుంది, దాన్ని నింపిపెట్టమని అడుగుతుంది. ఉన్-తక్ వెళ్లి ఆ గది సర్దుతుంది, చెత్త తీస్తుంది, చిన్న ఫ్రిజ్‌లో తిండి, పానీయాలు వరుసగా పేర్చిపెడుతుంది. తరువాత ఆ తల్లి వచ్చి తలుపు తీస్తుంది. కూతురు ఆకలితో పోలేదన్న ఒక్క నమ్మకం ఆ తల్లికి మిగులుతుంది. ప్రధాన కథకు ఈ సంఘటనతో పెద్ద సంబంధమేమీ లేదు, తీసేసినా ఎవరికీ లోటు తెలియదు. అయినా చదువు కోసం, ఉద్యోగం కోసం ఊరు వదిలి హాస్టల్ గదుల్లో బతికిన బిడ్డలున్న ఏ ఇంట్లోవారైనా ఆ ఫ్రిజ్ తలుపు తెరుచుకున్నప్పుడు మామూలుగా ఉండలేరు. చనిపోయినవారి చివరి దిగులు తమ గురించి కాక బతికున్నవారి గురించే ఉంటుందన్న సంగతిని ఈ డ్రామా ఎవరి చేతా ఉపన్యాసంగా చెప్పించకుండా, ఉన్-తక్ చేసే ఈ చిన్న చిన్న పనులతోనే చూపిస్తుంది.

ఇక ఈ డ్రామాను ప్రేమకథగా చూడటం మొదలుపెట్టినవారు కూడా స్నేహకథగా గుర్తుపెట్టుకోవడానికి కారణం గాబ్లిన్, మరణదూత ఒకే ఇంట్లో ఉండటం. తరతరాలుగా కిమ్ షిన్‌కు సేవ చేస్తున్న కుటుంబంలోని కుర్రవాడు డక్-హ్వా, డబ్బు కోసం అతని ఇంటిని మరణదూతకు అద్దెకిచ్చేస్తాడు. ఒకరు మాంసం కాల్చుకుని తింటారు, మరొకరు ఆకుకూరలు తప్ప ముట్టరు. చేతులు కదపకుండానే కత్తులు, ఫోర్కులు గాలిలోకి లేపి భోజనాల బల్ల మీద యుద్ధం చేసుకునే ఈ ఇద్దరూ, అప్పులవాళ్లు ఉన్-తక్‌ను ఎత్తుకుపోతున్న రాత్రి, దీపాలు ఆరిపోయిన రోడ్డు మీద పొగమంచులోంచి పక్కపక్కన నడిచి వస్తారు. అప్పులవాళ్ల కారు నిలువునా రెండుగా చీలిపోతుంది. రెండో ఎపిసోడ్ చివర వచ్చే ఆ నడకను తలచుకోని అభిమాని ఉండరు. కొన్నాళ్లకు వాళ్లిద్దరూ సంతకు వెళ్లి ఉల్లికాడలు పట్టుకుని అదే రాజసంతో, అదే నెమ్మదితో ఇంటికి నడిచి వస్తారు. తన గంభీరమైన దృశ్యాన్ని తానే తేలిక చేసి నవ్వించగలగడం రచయిత్రికి తన పాత్రల మీద ఉన్న ధీమాను చూపిస్తుంది.

ఆ నవ్వుల అడుగున కథ మరో పని చేస్తూ ఉంటుంది. ఈ లోకంలో మరణదూతలందరూ పూర్వజన్మలో పెద్ద పాపం చేసి, పేరూ జ్ఞాపకాలూ పోగొట్టుకున్నవారు. తన పేరేమిటో కూడా తెలియని ఈ మరణదూత, కోడి వేపుడు దుకాణం నడిపే సన్నీని చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె పేరు అడిగితే చెప్పడానికి అతనికి పేరు లేదు, ఇవ్వడానికి ఫోన్ నంబర్ లేదు. కిమ్ షిన్ భద్రంగా దాచుకున్న చెల్లెలి చిత్రపటం చూడగానే ఎందుకో తెలియకుండా అతని కళ్ల నుంచి నీళ్లు కారతాయి. ఆ చెల్లెలు గొర్యో రాణి. సన్నీయే ఆమె పునర్జన్మ. ఆ పటాన్ని గీసినవాడు, కిమ్ షిన్‌నూ ఆ రాణినీ చంపించినవాడు, చివరికి తన ప్రాణం తానే తీసుకున్నవాడు, ఈ మరణదూతే. ఇన్నాళ్లూ ఒకే బల్ల మీద తిన్న స్నేహితుడే తన వంశాన్ని నాశనం చేసిన రాజని కిమ్ షిన్‌కు తెలిసినప్పుడు కోపం, జాలి, ద్రోహం జరిగిందన్న బాధ అన్నీ కలిసి వచ్చే సన్నివేశాలు, నాయికానాయకుల మధ్య ఉన్నవాటికన్నా లోతుగా ఉన్నాయని చెప్పడానికి నేను వెనుకాడను. సన్నీ తీసుకున్న నిర్ణయం ఇంకా గొప్పది. గతం అంతా గుర్తుకు వచ్చాక ఆమె అతన్ని ప్రేమిస్తూనే, ఈ జన్మలో క్షమించనని చెప్పి వెళ్లిపోతుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన అపరాధం మాసిపోదని చెప్పే ప్రేమకథలు అరుదు.

నటనలో గోంగ్ యూ గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్పాలి. తొమ్మిది వందల ఏళ్లు బతికినవాడి అలసట కళ్లలో ఉంచుకుని, మరుక్షణంలో చిన్నపిల్లాడిలా అలగడం తేలికైన పని కాదు. అతని మనసు బాగా లేకపోతే ఊళ్లో వాన పడుతుంది, సంతోషపడితే కాలం కాని కాలంలో చెట్లు పూస్తాయి. మరో నటుడైతే ఆ ఏర్పాటు వెక్కిరింతగా మారేది. ఉన్-తక్‌గా కిమ్ గో-ఉన్ చేసినది మాత్రం దక్కవలసినంత మెప్పు పొందలేదేమోనని నా అభిప్రాయం. మొదటి ఎపిసోడ్‌లో పుట్టినరోజు కేకు ముందు కూర్చున్న పాప, ఎదురుగా ఉన్న అమ్మ బతికిలేదని గ్రహించే ఘట్టం బాలనటిది. ఆ దుఃఖాన్ని పెద్దయ్యాక వసపిట్టలా మాట్లాడే అమ్మాయి లోపల ఎక్కడా కనబడనీయకుండా మోసినది కిమ్ గో-ఉన్. లీ డాంగ్-వుక్ మరణదూతగా ముఖం కదపకుండా నవ్విస్తాడు, ముఖం కదపకుండానే ఏడిపిస్తాడు. సన్నీగా యూ ఇన్-నా పాత్రకు నిడివి తక్కువైనా మాటల్లో పదును ఎక్కువ. డక్-హ్వాగా పాటల బృందం నుంచి వచ్చిన యుక్ సంగ్-జే చలాకీగా ఉన్నాడు. ఆ చలాకీతనం వెనుక దేవుడే దాగి ఉన్నాడని తెలిసిన రోజు మళ్లీ మొదటి నుంచి అతని మాటలు గుర్తుచేసుకోవలసి వస్తుంది.

చిత్రీకరణ గురించి విడిగా చెప్పక తప్పదు. ఒక తలుపు తీసుకుని గాబ్లిన్ వెళ్లిపోతుంటే, ఎవరూ దాటలేని ఆ గడపను ఉన్-తక్ కూడా దాటి వచ్చేస్తుంది, అవతల కెనడాలోని క్యుబెక్ నగరం ఉంటుంది. ఎర్ర మేపుల్ ఆకులు రాలుతున్న ఆ ఊరు, కొండ మీద కోటలా కనిపించే షాటో ఫ్రాంట్‌నాక్ హోటల్, పెటి షాంప్లెన్ వీధిలోని ఎర్ర తలుపు ఈ కథలో అలంకారాలుగా మిగిలిపోవు. మొదట వినోదంగా దాటిన ఆ తలుపే, తొమ్మిదేళ్ల తరువాత జ్ఞాపకం తిరిగి రావడానికి దారి అవుతుంది. కొరియా వైపు చూస్తే గాంగ్నుంగ్ దగ్గరి జుమున్‌జిన్ సముద్రతీరంలో ఉన్-తక్ కూర్చుని అతన్ని మొదటిసారి పిలిచిన రాళ్ల కట్ట, డ్రామా వచ్చాక పర్యాటకులు క్యూ కట్టి ఫొటోలు తీసుకునే చోటైపోయింది. ఎర్ర స్కార్ఫ్, తెల్ల పూలగుత్తి పట్టుకుని నిలబడటం అక్కడ ఆనవాయితీ అయింది. పాటల్లో చాన్‌యోల్, పంచ్ పాడినది, క్రష్ పాడినది, తొలి మంచు గురించి ఐలీ పాడినది కొరియాలో విడుదలైన నాటి నుంచి డ్రామాతో సమానంగా వినబడ్డాయి. ఐలీ పాటను నేను అన్నిటికన్నా పైన పెడతాను. భాష రాకపోయినా ఆ గొంతులోని నిరీక్షణ తెలుస్తుంది.

లోపాలు ఉన్నాయి, వాటిలో ఒకటి చిన్నది కాదు. కథ మొదలయ్యేసరికి ఉన్-తక్ స్కూలు యూనిఫాంలో ఉన్న 19 ఏళ్ల పిల్ల, అదీ పుట్టగానే ఒక ఏడాదిగా లెక్కించే పాత కొరియన్ పద్ధతిలో. హీరో ముప్పై దాటిన మనిషిలా కనిపిస్తాడు, నటీనటుల మధ్య కూడా 12 ఏళ్ల తేడా ఉంది. అతని అసలు వయసు శతాబ్దాల్లో ఉన్నప్పుడు ఈ లెక్కకు అర్థం లేదని అభిమానులు అంటారు. నేను ఒప్పుకోను. మనకు తెరమీద కనబడేది శతాబ్దాలు కాదు, స్కూలు బ్యాగు. ప్రేమను ఆమె కాలేజీలో చేరాక మొదలుపెట్టి ఉంటే కథకు ఏ నష్టమూ జరిగేది కాదు, చూసేవారికి ఇబ్బంది తప్పేది. చివరి సన్నివేశంలో మరు జన్మ ఎత్తిన ఆమె మళ్లీ విద్యార్థిని దుస్తుల్లోనే కనబడటం ఆ ఇబ్బందిని తిరిగి తెస్తుంది.

మిగతావి తక్కువ బాధించేవి. ఉన్-తక్‌ను వేధించే పిన్ని కుటుంబం బొమ్మల కథలోని దుర్మార్గుల్లా ఉంటుంది, వాళ్లు వచ్చినప్పుడల్లా డ్రామా స్థాయి పడిపోతుంది. తొమ్మిదో ఎపిసోడ్ నుంచి పన్నెండో ఎపిసోడ్ దాకా నడక మందగిస్తుంది, ఒకే దిగులును వేర్వేరు గదుల్లో తిరిగి చూస్తున్నట్టుంటుంది. ఒక్కో ఎపిసోడ్ గంటకు పైగా సాగుతుంది కాబట్టి ఆ మందగింపు బాగా తెలుస్తుంది. నాటి కొరియన్ డ్రామాలన్నిటిలో ఉన్నట్టే వాణిజ్య వస్తువుల ప్రదర్శన ఇక్కడా ఉంది, మరణం గురించి మాట్లాడుతున్న పాత్రలు హఠాత్తుగా ఒక తినుబండారాన్ని కెమెరా వైపు తిప్పడం చిరాకు తెప్పిస్తుంది. ఆ కుర్ర రాజుకు నూరిపోసిన దుష్ట మంత్రి దయ్యమై నల్లటి నాలుకతో తిరిగి రావడం కూడా నాకు అంతగా రుచించలేదు. ఇద్దరిలో ఒక్కరికే బతుకు అన్న షరతు కథను అంత పకడ్బందీగా నడిపిస్తున్నప్పుడు విడిగా ఒక విలన్ అవసరం లేదనిపించింది.

అయినా ఆ విలన్‌ను అంతం చేసే 13వ ఎపిసోడ్‌ను తప్పు పట్టలేను. కిమ్ షిన్ ఉన్-తక్ చేతిని తన చేతిలోకి తీసుకుని, తన గుండెలోని కత్తిని ఆమె చేతనే లాగించి, దానితోనే శత్రువును నరికి, ఆమె చేతుల్లో బూడిదై గాలిలో కలిసిపోతాడు. అక్కడితో ఆగి ఉంటే అది విషాదాంతమయ్యేది. తరువాత జరిగేది అంతకన్నా కఠినం. అతనితో పాటు అతని జ్ఞాపకం కూడా అందరి మనసుల్లోంచి తుడిచిపెట్టుకుపోతోందని గ్రహించిన ఉన్-తక్ వర్షంలో కూర్చుని నోటుపుస్తకంలో గబగబా రాసుకుంటుంది. అతని పేరు కిమ్ షిన్, అతను పొడగరి, నవ్వితే దిగులుగా ఉంటాడు, వానై వస్తాడు, తొలి మంచై వస్తాడు, నువ్వు అతని వధువువి అని రాస్తూ ఉండగానే ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియకుండా పోతుంది. తొమ్మిదేళ్లు గడుస్తాయి. రేడియోలో పనిచేస్తున్న ఆమె ఒకరోజు కేకు మీది కొవ్వొత్తి ఊదుతుంది. లోకాల మధ్య మంచులో ఒంటరిగా తిరుగుతున్న అతన్ని ఆ పిలుపు వెనక్కి తీసుకురాగలగడానికి ఆధారం, ఒకప్పుడు ఇంట్లో ఉండనివ్వడానికి ఆమె సరదాగా రాసిన ఒప్పందపత్రం. ప్రతి ఏటా తొలి మంచు కురిసే రోజున మొదటి పక్షం వారు రెండో పక్షం వారి పిలుపుకు రావాలి, ఎందుకంటే రెండో పక్షం వారు ఎదురుచూస్తుంటారు అని అందులో ఒక షరతు ఉంటుంది. దేవుడి షరతులతో నలిగిన కథను ఒక పిల్ల చేతిరాతలోని షరతుతో విడిపించడం ఈ డ్రామా మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన రాత.

ముగింపు మీద వాదన ఇప్పటికీ ఉంది. పెళ్లయిన కొద్దికాలానికే ఉన్-తక్, పసిపిల్లలున్న బడి బండి మీదికి దూసుకొస్తున్న లారీకి తన కారును అడ్డం పెట్టి చనిపోతుంది. ఎవరి రాతలోనూ లేని మరణం అది, తాను ఎంచుకున్నది. ఇంత చేశాక మళ్లీ ఆమెను తీసుకెళ్లడం అన్యాయమన్నవారి బాధ నాకు అర్థమవుతుంది, పైగా ఆ మరణం ఒక్క ఎపిసోడ్‌లో కాస్త తొందరగానే జరిగిపోతుంది. అయినా టీ గదిలో ఆమె మరపు టీని వద్దని, అన్నీ గుర్తుపెట్టుకుని పరుగెత్తుకుంటూ తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్లడం కథకు తగినదే. మనిషికి నాలుగు జన్మలుంటాయని, విత్తడానికి ఒకటి, నీరు పోయడానికి ఒకటి, కోయడానికి ఒకటి, కోసింది అనుభవించడానికి ఒకటి అని అంతకుముందు వచ్చిన మాట అక్కడ బరువెక్కుతుంది.

చూడదలచినవారికి ఒక సలహా. కొరియాలో ఇది శుక్ర, శనివారాల్లో ప్రసారమయ్యేది. 13వ ఎపిసోడ్ 2017 జనవరి 13న వచ్చింది, మరుసటి రోజు రావలసిన 14వ ఎపిసోడ్ బదులు ప్రత్యేక కార్యక్రమం వేశారు. కిమ్ షిన్ బూడిదైపోయాక ఏం జరుగుతుందో తెలియకుండా అక్కడి ప్రేక్షకులు వారం రోజులు ఆగారు. 14వది జనవరి 20న వస్తే, చివరి రెండూ 21న ఒకేసారి వచ్చాయి. ఇప్పుడు అన్నీ వరుసగా చూసే వీలున్నా, 13వ ఎపిసోడ్ అయ్యాక ఒకటి రెండు రోజులైనా ఆగండి. తొమ్మిదేళ్లు గడిచాయని తెరమీద చెప్పేసరికి, అతను లేని లోటు అప్పటికే కొంత మీకూ తెలిసి ఉండాలి. ఆ తరువాతి మూడు ఎపిసోడ్లను మాత్రం, వీలైతే, ఒక్క రాత్రిలో పూర్తిచేయండి.